ఉల్కాశిలలో రింగ్‌వుడైట్ కనిపిస్తే అది పెద్ద గ్రహం లోపలి నుంచి వచ్చినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నారు. ప్రాజెక్టు కోసం ఒక ఎల్6 కాండ్రైట్ (ఇనుము తక్కువగా ఉండి, బాగా వేడికి గురైన ఒక రకం రాతి ఉల్కాశిల) థిన్ సెక్షన్, అంటే కాంతి దాటేంత పల్చగా అరగదీసిన ముక్క, ఇచ్చారు. అందులో ఒక నల్లటి వెయిన్ (రాయిలో పాకిన సన్నటి చార) లోపలా, దాని అంచుల్లోనూ నీలిరంగు రేణువులు కనిపించాయి. రింగ్‌వుడైట్ భూమిలో సుమారు 520 కిలోమీటర్ల లోతు దాటాక ఉండే ఖనిజమని క్లాసులో చెప్పారు. అలాంటప్పుడు ఈ రాయి ఒకప్పుడు ఏదైనా పెద్ద గ్రహం లోతుల్లో ఉండేదా, లేక భూమ్మీద పడ్డ దెబ్బకు ఈ ఖనిజం పుట్టిందా అన్నది మీ సందేహం. అది నిజంగా రింగ్‌వుడైటే అని ఎలా తేల్చుకోవాలో కూడా అడిగారు.

రెండూ కాదు. ఆ రాయి అంతరిక్షంలో ఒక గ్రహశకలంలో భాగంగా ఉన్నప్పుడే ఇంకో శకలం వచ్చి గుద్దింది. ఆ దెబ్బకు రాయి గుండా షాక్ వేవ్ దూసుకెళ్లింది. సెకనులో ఏ కొంత భాగమో, మహా అయితే కొద్ది సెకన్లో, భూమిలో వందల కిలోమీటర్ల లోతున ఉండేంత పీడనం వచ్చిపోయింది. ఆ కాస్త సమయంలో, బాగా వేడెక్కిన చోట్ల మాత్రమే ఒలివిన్ (ఈ రాళ్లలో మామూలుగా ఉండే సిలికేట్ ఖనిజం) రింగ్‌వుడైట్‌గా మారింది. అసలు విషయమంతా ఈ 'బాగా వేడెక్కిన చోట్ల మాత్రమే' అన్నదాంట్లోనే ఉంది. అందుకే దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

ముందు పెద్ద గ్రహం సంగతి చూద్దాం. ఒలివిన్ రింగ్‌వుడైట్‌గా స్థిరపడాలంటే భూమి మాంటిల్‌లో (పైపొరకూ కోర్‌కూ మధ్య ఉండే రాతి భాగంలో) సుమారు 18 గిగాపాస్కల్స్ పీడనం కావాలి; ఒక గిగాపాస్కల్ అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు పది వేల రెట్లు. 410 కిలోమీటర్ల లోతు దగ్గర, అంటే దాదాపు 14 గిగాపాస్కల్స్ దగ్గర ఒలివిన్ ముందు వాడ్‌స్లెయైట్ అనే ఖనిజం అవుతుంది. 660 కిలోమీటర్ల దగ్గర, సుమారు 23 గిగాపాస్కల్స్‌కు, రింగ్‌వుడైట్ కూడా విడిపోయి బ్రిడ్జ్‌మనైట్, ఫెర్రోపెరిక్లేజ్ అనే రెండు ఖనిజాలుగా మారుతుంది. ఇప్పుడు గ్రహశకలం లోపలి పీడనం ఎంత ఉంటుందో మీరే లెక్క కట్టండి. సాంద్రత అంతటా ఒకటే అనుకుంటే కేంద్రంలో పీడనం వ్యాసార్థం వర్గాన్ని బట్టి, సాంద్రత వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వంద కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న రాతి శకలానికి అది 0.02 గిగాపాస్కల్ దరిదాపుల్లో వస్తుంది. సుమారు 525 కిలోమీటర్ల వ్యాసమున్న పెద్ద గ్రహశకలం వెస్టాకైనా 0.1 నుంచి 0.2 మధ్యే. చంద్రుడి కేంద్రంలో సుమారు 5. రింగ్‌వుడైట్‌కు చాలినంత పీడనం కావాలంటే అంగారకుడి మాంటిల్ అడుగు దాకా వెళ్లాలి. సాధారణ కాండ్రైట్లు పుట్టిన శకలాలు అంత పెద్దవి కావు. పైగా కాండ్రైట్ అంటేనే పూర్తిగా కరిగి కోర్, మాంటిల్‌గా విడిపోని పదార్థం. మీ సెక్షన్‌లో కాండ్రూల్స్ (ఒకప్పుడు కరిగి గడ్డకట్టిన చిన్న గుండ్రటి రేణువులు) ఆనవాళ్లు ఇంకా కనిపిస్తున్నాయంటే ఆ రాయి పెద్ద గ్రహం లోతుల్లో ఉడికి రాలేదన్నట్టే.

భూమ్మీద పడ్డ దెబ్బ అన్నదీ కుదరదు. చిన్న ఉల్కాశిలలు వాతావరణంలోనే తమ వేగం దాదాపు అంతా పోగొట్టుకుని, చివరికి గంటకు కొన్ని వందల కిలోమీటర్ల వేగంతో నేల మీద పడతాయి. ఆ దెబ్బకు రాయి పగలవచ్చు, అంతకు మించి ఏమీ జరగదు. గాలిలో దూసుకొచ్చేటప్పుడు ముందు వైపు పడే ఒత్తిడి కూడా కొన్ని మెగాపాస్కల్స్ స్థాయిలోనే ఉంటుంది. మనకు కావలసింది దానికి వేల రెట్లు. రాయి పైన కనిపించే నల్లటి ఫ్యూజన్ క్రస్ట్ గాలిలో కరిగి ఏర్పడిన పొర. లోపలి నల్లటి వెయిన్లకూ దానికీ సంబంధం లేదు. ఈ రెంటినీ కలిపేయడం చాలామందిలో చూశాను.

మరి ఢీకొనడం వల్ల అంత పీడనం ఎలా వస్తుంది? షాక్ పీడనం అంటే సుమారుగా రాయి సాంద్రత, షాక్ వేవ్ వేగం, దాని వెనక పదార్థం కదిలే వేగం, ఈ మూడింటి గుణకారం. ఒకే రకం రాళ్లు రెండు సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో ఢీకొంటే పదార్థం వేగం అందులో సగం, 1 కిలోమీటరు. షాక్ వేవ్ దాదాపు 6 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. సాంద్రత ఘనపు మీటరుకు 3,300 కిలోలు వేసుకుంటే 20 గిగాపాస్కల్స్ వస్తాయి. గ్రహశకలాల పట్టీలో ఢీకొనే సగటు వేగం సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు. కాబట్టి రింగ్‌వుడైట్‌కు సరిపడే దెబ్బ అక్కడ అరుదైన సంగతేమీ కాదు.

అయినా రాయంతా రింగ్‌వుడైట్‌గా ఎందుకు మారలేదు? మీ సెక్షన్‌లోనే చూడండి. నీలి రేణువులు వెయిన్‌ను అంటిపెట్టుకునే ఉంటాయి. దానికి కాస్త దూరంలో ఉన్న ఒలివిన్ పగుళ్లతో, అలలుగా కదిలే ఎక్స్‌టింక్షన్‌తో (స్టేజ్ తిప్పుతుంటే రేణువులో చీకటి అలలా పాకడంతో) ఉంటుంది గానీ ఒలివిన్‌గానే ఉంటుంది. పీడనం రెండు చోట్లా దాదాపు ఒకటే. తేడా అంతా ఉష్ణోగ్రతలో ఉంది.

ఒలివిన్ రింగ్‌వుడైట్‌గా మారాలంటే పరమాణువులు కొత్తగా సర్దుకోవాలి. చల్లటి రాతిలో అంత తక్కువ సమయంలో అవి కదలవు. 20 గిగాపాస్కల్స్ షాక్ దానంతట అది రాయి మొత్తాన్ని కొన్ని వందల డిగ్రీలే వేడెక్కిస్తుంది, అది చాలదు. కానీ రంధ్రాలు కుప్పకూలిన చోట, రాతి ముక్కలు ఒకదానిపై ఒకటి జారి రాసుకున్న చోట, లోహం, సల్ఫైడ్, సిలికేట్ల సరిహద్దుల్లో వేడి ఒక్కచోటే పోగవుతుంది. అక్కడ రాయి రెండు వేల డిగ్రీల పైకి వెళ్లి కరుగుతుంది. మనం వెయిన్ అంటున్నది ఆ కరిగిన సన్నటి పొరనే. ఆ కరుగులో చిక్కిన ఒలివిన్ ముక్కలు, దాన్ని ఆనుకున్న ఒలివిన్ అంచులు పీడనం ఇంకా ఉండగానే మారిపోతాయి. కరుగు కూడా ఆ పీడనంలోనే గడ్డకడితే అందులోంచి మేజరైట్ గార్నెట్, దానితో పాటు మాగ్నీసియోవుస్టైట్ లాంటి ఖనిజాలు నేరుగా పుడతాయి.

తర్వాత జరిగేది అంతకన్నా ముఖ్యం. పీడనం తగ్గిపోయాక కూడా వెయిన్ వేడిగానే ఉంటే రింగ్‌వుడైట్ వెనక్కి ఒలివిన్‌గా మారిపోతుంది. వెయిన్‌ను చుట్టి ఉన్న రాయి చల్లగా ఉండటమే దాన్ని కాపాడుతుంది. కమ్మరి ఎర్రగా కాలిన ఇనుమును నీటిలో ముంచి దాని గుణాన్ని అలాగే నిలిపేసినట్టు, చల్లటి రాయి వెయిన్‌లోని వేడిని లాగేసి అధిక పీడన ఖనిజాన్ని అలాగే నిలిపేస్తుంది. ఇక్కడ మందం కీలకం. వేడి బయటికి పోయే సమయం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. మిల్లీమీటరు మందమున్న వెయిన్‌కు సెకను స్థాయిలో పడితే, అందులో పదో వంతు మందానికి వందో వంతు సమయం చాలు. నేను చూసిన ఒక ఎల్6 సెక్షన్‌లో ఈ తేడా పక్కపక్కనే కనిపించింది. వెంట్రుకలా సన్నగా ఉన్న వెయిన్‌లో ముదురు నీలి రింగ్‌వుడైట్ నిండుగా ఉంది. దాని పక్కనే మిల్లీమీటర్ల మందమున్న కరుగు ప్రాంతం మధ్యలో మామూలు ఒలివిన్, పైరాక్సీన్ స్ఫటికాలే ఉన్నాయి. రెండూ ఒకే దెబ్బ తిన్నవి. రెండోది చల్లారేలోపు పీడనం వెళ్లిపోయింది, అంతే.

అందుకే రింగ్‌వుడైట్ లేదు కాబట్టి షాక్ తక్కువ అని రాయకండి. గట్టి దెబ్బ తిన్న రాళ్లలో మిగిలిన వేడి ఈ ఖనిజాలను చెరిపేసి ఉండవచ్చు. ఎక్కువ షాక్ తిన్న రాయిలో తక్కువ సాక్ష్యం మిగలడం వింతగా అనిపించినా నిజం.

మీ రిపోర్టులో షాక్ స్థాయి రాయాల్సి వస్తుంది కాబట్టి ఇంకో మాట. 1991లో స్టోఫ్లర్, కైల్, స్కాట్ ఇచ్చిన షాక్ పట్టికలో, తక్కువ నుంచి ఎక్కువకు, ఎస్1 నుంచి ఎస్6 వరకు స్థాయిలున్నాయి. కరిగిన ప్రాంతాల పక్కన రింగ్‌వుడైట్ కనిపిస్తే దాన్ని ఎస్6లో పెట్టేవారు. ఎస్6కు ఎదురుగా 75 నుంచి 90 గిగాపాస్కల్స్ అని రాసి ఉంటుంది. వెయిన్‌లో గడ్డకట్టిన ఖనిజాల జతను ప్రయోగశాలలోని పీడన, ఉష్ణోగ్రత పటాలతో పోల్చినప్పుడు మాత్రం చాలా రాళ్లకు 18 నుంచి 25 గిగాపాస్కల్స్ దగ్గరే వస్తుంది. పాత అంకెలు షాక్ ప్రయోగాల నుంచి వచ్చాయి. అక్కడ పీడనం సెకనులో పది లక్షలో వంతు మాత్రమే నిలుస్తుంది, నమూనాలు చిన్నవి. అంతరిక్షంలో దెబ్బ దానికంటే ఎంతో ఎక్కువసేపు ఉంటుంది. ఆ పట్టికను 2018లో సవరించారు. నా సలహా ఒకటే: పెట్రోగ్రఫీ (మైక్రోస్కోప్‌లో కనిపించే రాతి లక్షణాలు) ఆధారంగా స్థాయి రాయండి, ఏ పట్టిక వాడారో చెప్పండి. దాని పక్కన 80 గిగాపాస్కల్స్ అని గుడ్డిగా దించకండి. పీడనం చెప్పాలనుకుంటే ఖనిజాల జత నుంచి చెప్పండి.

మీరు అడిగిన పెద్ద గ్రహం ప్రశ్న తెలివితక్కువదేమీ కాదు, పరిశోధకులు కూడా దాని మీద గట్టిగానే వాదించుకున్నారు. 2008 అక్టోబరు 7న సూడాన్‌లో పడిన అల్మహతా సిత్తా ఉల్కాశిల యూరిలైట్ (కార్బన్ ఎక్కువగా ఉండే ఒక అరుదైన ఉల్కాశిల) రకం, అందులో వజ్రాలున్నాయి. ఆ వజ్రాల్లో చిక్కుకున్న చిన్న ఖనిజ రేణువులను బట్టి అవి 20 గిగాపాస్కల్స్ పైన, బుధుడికీ అంగారకుడికీ మధ్య పరిమాణంలో ఉన్న ఒక గ్రహం లోపల పుట్టాయని 2018లో ఒక బృందం వాదించింది. 2020లో ఇంకో బృందం యూరిలైట్ వజ్రాలను పరిశీలించి షాక్‌తోనే వివరించవచ్చని, పెద్ద గ్రహం అవసరం లేదని చెప్పింది. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. ఏదేమైనా ఆ వాదన యూరిలైట్లకు సంబంధించినది. ఎల్6 కాండ్రైట్‌లో వెయిన్‌కు అంటుకుని ఉన్న రింగ్‌వుడైట్ విషయంలో అలాంటి సందేహం లేదు.

ఎల్ రకం అన్నారు కాబట్టి ఇదీ తెలుసుకోండి. ఎల్ కాండ్రైట్లలో గట్టి షాక్ తిన్నవి చాలా ఎక్కువ. వాటి ఆర్గాన్ వయసుల్లో (రాయిలో పోగైన ఆర్గాన్ వాయువును కొలిచి కట్టే వయసుల్లో) చాలావరకు 47 కోట్ల ఏళ్ల దగ్గర గుమిగూడతాయి. ఆ కాలంలో వాటి మాతృ శకలం ఒక పెద్ద ఢీకొట్టులో బద్దలైంది. అదే వయసున్న స్వీడన్ సున్నపురాళ్లలో శిలాజాల్లా మిగిలిపోయిన ఎల్ రకం ఉల్కాశిలలు దొరికాయి కూడా. మీ నీలి రేణువులు ఆ దెబ్బవే అయ్యే అవకాశం బాగా ఉంది, కానీ ఆ రాయికి విడిగా వయసు కట్టకుండా అలా రాయలేం.

ఈ ఖనిజాల చరిత్ర చూస్తే ఉల్కాశిలలు ఎంత మేలు చేశాయో తెలుస్తుంది. భూమి లోపల వీటిదే రాజ్యం, కానీ చేతికి దొరకవు. రింగ్‌వుడైట్‌ను ప్రకృతిలో మొదట గుర్తించింది 1879లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పడిన టెన్‌హామ్ ఉల్కాశిలలో, 1969లో. మేజరైట్ పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందిన కూరారా ఉల్కాశిలలో దొరికింది. వాడ్‌స్లెయైట్ కెనడాలో 1963లో పడిన పీస్ రివర్ ఉల్కాశిలలో దొరికింది. భూమి నుంచి వచ్చిన రింగ్‌వుడైట్‌ను ఒక బ్రెజిల్ వజ్రంలో చూపించింది 2014లో మాత్రమే. అంటే ఉల్కాశిల నలభై ఏళ్లకు పైగా ముందుంది.

బ్రిడ్జ్‌మనైట్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. భూమి ఘనపరిమాణంలో మూడో వంతుకు పైగా ఇదే. అయినా 2014 దాకా దానికి పేరు లేదు, ఎందుకంటే సహజ నమూనాలో దాని స్ఫటిక నిర్మాణాన్ని ఎవరూ పూర్తిగా కొలవలేకపోయారు. టెన్‌హామ్‌లో ఉన్నట్టు 1997లోనే ఆనవాళ్లు దొరికాయి. కానీ ఎలక్ట్రాన్ కిరణం తగలగానే అది గాజుగా మారిపోయేది. చివరికి ఆలివర్ షౌనర్, చి మా బృందం సింక్రోట్రాన్ అనే పెద్ద యంత్రం ఇచ్చే తీవ్రమైన ఎక్స్ కిరణాలతో నిర్మాణాన్ని రాబట్టి, అధిక పీడన భౌతికశాస్త్రంలో 1946 నోబెల్ పొందిన పెర్సీ బ్రిడ్జ్‌మన్ పేరు పెట్టింది. మన దగ్గర 2012 మే 22న నాగపూర్ జిల్లా కాటోల్‌లో పడిన ఉల్కాశిల కూడా ఎల్6 రకమే. దాని షాక్ వెయిన్లలో ఇనుము, అల్యూమినియం కలిసిన బ్రిడ్జ్‌మనైట్‌ను ఐఐటీ ఖరగ్‌పూర్ నాయకత్వంలోని బృందం 2021లో ప్రకటించింది. మీ ప్రాజెక్టుకు మొదట చదవాల్సింది ఆ పేపరే. రాయి రకం అదే, ప్రశ్నలూ అవే.

ఇక గుర్తించడం ఎలా.

మైక్రోస్కోప్ కింద, ప్లేన్ లైట్‌లో రింగ్‌వుడైట్ నీలంగా, ఊదాగా, ఒక్కోసారి రంగు లేకుండా కూడా ఉంటుంది. దాని స్ఫటికం క్యూబిక్ కాబట్టి క్రాస్డ్ నికల్స్‌లో (రెండు పోలరైజర్లను ఒకదానికొకటి అడ్డంగా పెట్టినప్పుడు) స్టేజ్ ఎంత తిప్పినా నల్లగానే ఉంటుంది. ఒలివిన్ అయితే మెరిసే ఇంటర్‌ఫియరెన్స్ రంగులు చూపిస్తుంది. రేణువు సగం నీలంగా నల్లబడి, మిగతా సగం ఒలివిన్ రంగులతో ఉంటే మంచి ఆధారం, మార్పు మధ్యలో ఆగిపోయిందన్నమాట. కానీ నల్లగా ఉన్నదల్లా రింగ్‌వుడైట్ కాదు. ఒక విద్యార్థి ఎంతో సంబరంగా చూపించిన రేణువు, సెక్షన్ చేసేటప్పుడు రాయి ఊడిపోయి ఎపాక్సీ నిండిన రంధ్రం. మేజరైట్ కూడా ఐసోట్రోపిక్, అంటే కాంతిని అన్ని దిక్కులా ఒకేలా పంపి అలాగే నల్లగా ఉంటుంది. గాజూ అంతే. ప్లాజియోక్లేజ్ (ఒక ఫెల్డ్‌స్పార్ ఖనిజం) షాక్ వల్ల మాస్కెలినైట్ అనే గాజులాంటి పదార్థంగా మారితే అదీ అంతే. మాస్కెలినైట్ మాత్రం రంగు లేకుండా, పగుళ్లు, క్లీవేజ్ లేకుండా నున్నగా, పాత ప్లాజియోక్లేజ్ ఆకారంలోనే ఉంటుంది.

మాస్కెలినైట్‌ను మొదట వర్ణించిన రాయి 1865 ఆగస్టు 25న బీహార్‌లోని షేర్‌ఘాటీలో పడినదే. అది అంగారకుడి నుంచి వచ్చిన బసాల్ట్ అని చాలా తర్వాత తేలింది. ఆ రకం ఉల్కాశిలలన్నిటినీ ఇప్పుడు షెర్గోటైట్లు అంటున్నారు. వికారాబాద్ వైపు దొరికే దక్కన్ బసాల్ట్‌తో ఒక థిన్ సెక్షన్ చేయించుకుని, వీలైతే మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడిన లోనార్ బిలం దగ్గరి షాక్ తిన్న బసాల్ట్ సెక్షన్ పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే రకం లావా. మొదటిదాంట్లో ప్లాజియోక్లేజ్ చారల ట్విన్నింగ్‌తో కనిపిస్తుంది. రెండోదాంట్లో, షాక్ గట్టిగా తగిలిన ముక్కల్లో, అదే ఆకారం నల్లగా ఉండిపోతుంది. ఈ తేడా ఒకసారి కంటికి పట్టాక మరిచిపోరు.

ఈపీఎంఏ (ఎలక్ట్రాన్ కిరణంతో రసాయన సంఘటన కొలిచే ప్రోబ్) ఒక్కదానితో తేల్చలేరు. ఒలివిన్, వాడ్‌స్లెయైట్, రింగ్‌వుడైట్ మూడింటి రసాయన సంఘటన ఒకే రకంగా ఉంటుంది. ప్రోబ్ ఎంత ఖచ్చితంగా కొలిచినా ఒలివిన్ అనే చెబుతుంది. నిర్మాణాన్ని చూసే పద్ధతి కావాలి. మీకు అందుబాటులో ఉండేది రామన్, అంటే లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి నిర్మాణాన్ని చెప్పే పద్ధతి. ఒలివిన్‌కు దాదాపు 820, 850 వేవ్‌నంబర్ల దగ్గర జంట శిఖరాలు వస్తాయి. రింగ్‌వుడైట్‌కు అవి దాదాపు 795, 845 దగ్గరికి జరుగుతాయి. వాడ్‌స్లెయైట్‌కు 720, 918 దగ్గర, మేజరైట్‌కు 930 దగ్గర బలమైన శిఖరం. ఇనుము శాతాన్ని బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతాయి. ఒకే చోట రెండు ఖనిజాల శిఖరాలూ కలిసి వస్తే కంగారు పడకండి. లేజర్ చుక్క కంటే రేణువులు చిన్నవి కావడం ఇక్కడ మామూలే.

సెక్షన్ మీద కవర్ గ్లాస్ ఉండకూడదు, పాలిష్ చేసినదై ఉండాలి. లేజర్ పవర్ కొద్ది మిల్లీవాట్లకు మించనివ్వకండి, ముఖ్యంగా వెయిన్ లోపలి సన్నటి పదార్థం మీద. బ్రిడ్జ్‌మనైట్ ఉంటే మీ లేజరే దాన్ని గాజుగా మార్చేస్తుంది. పని క్రమం కూడా అందుకే ముఖ్యం: మొదట ఆప్టికల్ ఫొటోలు, తర్వాత రామన్, ఎలక్ట్రాన్ కిరణం చివరికి. ఎలక్ట్రాన్ కిరణం కోసం కార్బన్ పూత వేశాక రామన్‌కు వెళ్తే కార్బన్ శిఖరాలతో తిప్పలు పడాలి.

మీ రాయి పడ్డప్పుడే సేకరించినదా, ఎడారిలో ఎప్పుడో దొరికినదా అన్నది మీ గైడ్‌ను అడగండి. ఆన్‌లైన్‌లో కొన్న ఒక ఎడారి రాయి ముక్కను షాక్ వెయిన్లున్నాయంటూ ఒకాయన నాకు పంపారు. ఆ చారలన్నీ తుప్పు. లోహం వాన తేమకు ఆక్సీకరణ చెంది పగుళ్ల వెంట పాకింది. ప్రతిఫలించిన కాంతిలో చూస్తే తేడా తెలిసిపోతుంది. అసలైన షాక్ వెయిన్‌లో నల్లటి సిలికేట్ మధ్య లోహం, సల్ఫైడ్ చిన్న చిన్న గుండ్రటి బిందువులుగా చెదిరి ఉంటాయి. తుప్పులో అవి ఉండవు, బూడిదరంగు పట్టీల్లా ఉంటుంది.

రిపోర్టు కోసం ప్రతి నీలి రేణువుకూ మూడు విషయాలు నమోదు చేయండి: వెయిన్ అంచు నుంచి దూరం, అక్కడ వెయిన్ మందం, రామన్‌లో వచ్చిన ఖనిజం. మందం మారేకొద్దీ రింగ్‌వుడైట్, వాడ్‌స్లెయైట్, మామూలు ఒలివిన్ ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక మ్యాప్ గీయండి. వాడ్‌స్లెయైట్ కనిపిస్తే అది తిన్నగా పుట్టిందా, పీడనం తగ్గుతుండగా రింగ్‌వుడైట్ నుంచి వెనక్కి వచ్చిందా అన్న ప్రశ్న వస్తుంది. అది రింగ్‌వుడైట్ రేణువు అంచుల చుట్టూ పొరలా ఉందా, విడిగా గుంపుగా ఉందా అన్నది చూస్తే కొంతవరకు తెలుస్తుంది. రామన్ స్పెక్ట్రా తీశాక, సందేహం ఉన్నవి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.